పేరు ముందు పుట్టింది

మా ఆఫీసు లండన్‌లో ఆల్డ్‌గేట్ స్టేషన్‌కి దగ్గర్లో ఉంది. సాయంత్రం ఆరు దాటాక బయటికొస్తే దాదాపు ప్రతిరోజూ ఒక గుంపు ఎదురవుతుంది. ముందు గొడుగు పైకెత్తి పట్టుకున్న గైడు, వెనక ఇరవై ముప్ఫైమంది టూరిస్టులు. జాక్ ద రిప్పర్ తిరిగిన వీధులు చూపించే నడక అది. వాళ్ళని తప్పించుకుంటూ ట్రైను కోసం పరిగెత్తడమే తప్ప ఇన్నేళ్ళలో ఒక్కసారీ వెళ్ళలేదు. మొన్న అక్టోబరులో హైదరాబాదు నుంచి మా ఇంజనీరింగ్ కాలేజీ రూమ్మేటు వచ్చాడు. "లండన్‌లో నాకు తెలిసినవాళ్ళు ఇద్దరేరా. ఒకడు షెర్లాక్ హోమ్స్, ఇంకోడు వీడు. హోమ్స్ ఎలాగూ కల్పన, కనీసం వీణ్ణైనా చూపించు" అని పట్టుబట్టి లాక్కెళ్ళాడు.

రెండు గంటల నడక. చలి. చివర్లో ట్రైనులో కూర్చున్నాక వాడన్నాడు: "స్కాట్లండ్ యార్డ్ అంటే ఏదో అనుకున్నాను. అరమైలు అటూ ఇటూ ఐదు హత్యలు జరిగితే ఒక్కణ్ణి పట్టుకోలేకపోయారు. ఎంత చేతకానివాళ్ళురా!" నేనూ ఔనన్నాను. 

వాడు వెళ్ళిపోయాక ఎందుకో ఆ విషయం వదల్లేదు. చలికాలమంతా ఆ కేసుకి సంబంధించిన పోలీసు రిపోర్టులు, కరోనర్ విచారణల వివరాలు, ఆనాటి పత్రికల కథనాలు చదువుతూ కూర్చున్నాను. హంతకుడెవరో నాకేమీ తెలియలేదు, అది కనిపెట్టానని చెప్పుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, నన్నొదిలెయ్యండి. నాకు తెలిసింది వేరే. ఆ కేసులో పత్రికలు ఒడ్డున నిలబడి చూసి రాయలేదు. లోపలికి దిగాయి. దిగి నీళ్ళు కలిపాయి. పోలీసులు చేసిన తప్పులు పోలీసులవే, కానీ ఆ కేసు చెడిపోవడంలో పత్రికల వాటా మనం మామూలుగా అనుకునేదానికంటే చాలా పెద్దదని నా అభిప్రాయం. ఎందుకంటున్నానో చెప్తాను.

ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. అది 1888. వేలిముద్రల విభాగం స్కాట్లండ్ యార్డ్‌లో మొదలైంది 1901లో. రక్తంలో గ్రూపులుంటాయన్న సంగతి కూడా దాదాపు అప్పుడే తెలిసింది. సీసీ కెమెరాలూ, ఫోన్ టవర్లూ సరేసరి. అంటే ఆ రోజుల్లో డిటెక్టివ్ చేతిలో ఉన్న సాక్ష్యమల్లా మనుషుల జ్ఞాపకమే. ఎవరు ఎవర్ని ఎన్నింటికి ఎక్కడ చూశారు అన్నదే. పత్రికలు చెయ్యి పెట్టింది సరిగ్గా ఆ జ్ఞాపకం మీదే.

ఆ ఏడాది ఆగస్టు 31న తెల్లవారుజామున వైట్‌ఛాపెల్‌లో బక్స్ రో అనే వీధిలో (ఇప్పుడు దాని పేరు డర్వర్డ్ స్ట్రీట్) మేరీ ఆన్ నికొల్స్ అనే ఆమె శవం దొరికింది. నాలుగు పెన్నీలిస్తే రాత్రికో మంచం దొరికే అద్దె ఇళ్ళలో తలదాచుకునే మనిషి. ఆ రాత్రి ఆ నాలుగు పెన్నీలు లేక బయట ఉండిపోయింది. ఆమెను ఎవరు చంపారో పోలీసులకి తెలియదు. ఆ వీధుల్లో ఆడవాళ్ళని అడిగితే, 'లెదర్ ఏప్రన్' అని ఒకడున్నాడని, తమని బెదిరించి డబ్బులు గుంజుతాడని కొందరు చెప్పారు. తోలు ఏప్రన్ కట్టుకుని తిరుగుతాడు కాబట్టి ఆ పేరు. ఇది పోలీసులకి ఒక దారి, అంతే. వెతికి, ఆ రాత్రి ఎక్కడున్నావని అడగాల్సిన ఒక మనిషి.

అప్పటికి 'స్టార్' అనే సాయంత్రం పత్రిక పుట్టి ఎనిమిది నెలలు కూడా కాలేదు. ధర అర పెన్నీ. పత్రికల మీద పన్నులు 1850లలో, 60లలో ఒక్కొక్కటిగా ఎత్తేశారు. 1870 విద్యా చట్టం తర్వాత చదవడం వచ్చిన కొత్త తరం తయారైంది. వాళ్ళ జేబులోని ఆ అర పెన్నీ కోసం పత్రికల మధ్య పోటీ. సెప్టెంబరు మొదటి వారంలో స్టార్ లెదర్ ఏప్రన్ గురించి పెద్ద కథనం వేసింది. అర్ధరాత్రి తిరిగే భూతమన్నట్టు రాసింది. నడిస్తే అడుగుల చప్పుడు వినిపించదట. నవ్వు చూస్తే ఒళ్ళు జలదరిస్తుందట. పేరెవరికీ తెలియదు కానీ యూదుడని మాత్రం అందరూ ఒప్పుకుంటున్నారట. 

సెప్టెంబరు 7న ఇన్‌స్పెక్టర్ హెల్సన్ పై అధికారులకి రాసిన రిపోర్టు ఇప్పటికీ ఉంది. అందులో ఆ మనిషి అసలు పేరు పైజర్ అని ఉంది. అతని కోసం వెతుకుతున్నామని ఉంది. వెంటనే, ప్రస్తుతానికి అతనికి వ్యతిరేకంగా ఏ సాక్ష్యమూ లేదని కూడా ఉంది. ఈ చివరి వాక్యం పత్రికల్లో కనబడదు. అది అమ్ముడుపోయే వాక్యం కాదు మరి.

మర్నాడే, 8న, హాన్‌బరీ స్ట్రీట్‌లో 29వ నంబరు ఇంటి పెరట్లో ఆనీ చాప్‌మన్ హత్య. ఆ పెరట్లో కుళాయి దగ్గర తడిసిన తోలు ఏప్రన్ ఒకటి పడి ఉంది! ఇంకేముంది. నిజానికది అదే ఇంట్లో ఉండే ఆవిడ కొడుకుది. నేలమాళిగలో పనిచేసేటప్పుడు కట్టుకునేది. తల్లి దాన్ని ఉతికి అక్కడ వదిలేసింది. ఈ సంగతి తేలేలోపే ఊరంతా పాకిపోయింది. తోలు ఏప్రన్ కట్టుకునేవాళ్ళు ఆ పేటలో ఒకరా ఇద్దరా? చెప్పులు కుట్టేవాళ్ళు, కసాయివాళ్ళు, అందరూ కట్టుకునేదే. అందులో చెప్పుల పనివాళ్ళు చాలామంది యూదులు. రష్యాలో 1881 తర్వాత జరిగిన దాడులకి తట్టుకోలేక వచ్చిపడ్డవాళ్ళు. ఇంగ్లీషువాడెవడూ ఇలాంటి పని చెయ్యడు అంటూ వీధుల్లో యూదుల మీదికి గుంపులు రావడం మొదలైంది. వాళ్ళంటే పడకపోవడం అంతకుముందూ ఉంది, దాన్ని పత్రికలు కొత్తగా పుట్టించలేదు. కానీ దానికొక వేషం, ఒక పేరు తొడిగి వీధిలో నిలబెట్టింది అవే.

ఇప్పుడు జాన్ పైజర్ సంగతి. బూట్లు కుట్టే పనివాడు. 10వ తేదీన మల్బరీ స్ట్రీట్‌లో తన వాళ్ళింట్లోనే పోలీసులకి దొరికాడు. అప్పటికి నాలుగు రోజులుగా గడప దాటలేదు. ఎందుకు దాక్కున్నావని అడిగితే, బయటికొస్తే జనం నన్ను ముక్కలు ముక్కలుగా చీల్చేసేవాళ్ళన్నాడు. బయటికెళ్ళొద్దని అన్నే చెప్పాడట. నికొల్స్ హత్య జరిగిన రాత్రి ఎక్కడున్నాడో విచారిస్తే, మైళ్ళ అవతల హాలొవే రోడ్‌లో అద్దె గదిలో ఉన్నాడు. ఆ రాత్రి రేవుల వైపు పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఆకాశం ఎర్రగా కనిపిస్తుంటే, రోడ్డు మీద ఒక పోలీసుతోనే దాని గురించి మాట్లాడాడు. పోలీసే సాక్షి! ఇంతకంటే గట్టి అలిబీ ఎవరికి దొరుకుతుంది? 12న కరోనర్ విచారణలో అందరి ముందూ నిలబెట్టి అతను నిర్దోషి అని తేల్చారు.

ఈ కేసులో ముఖ్యమైన డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ ఆబర్‌లైన్. సెప్టెంబరు 19న ఆయన రాసిన రిపోర్టు చదివినప్పుడు నేను ఆగిపోయాను. స్టార్‌లోనూ ఇతర పత్రికల్లోనూ ప్రచారం జరగడం వల్ల తనకోసం వెతుకుతున్నారని ఆ మనిషికి తెలిసిపోయిందని, అందువల్లే 10వ తేదీదాకా దొరకలేదని, బంధువులు దాచిపెట్టారని అందులో ఉంది. పత్రికలు రాయకపోతే ఏమయ్యేది? సెప్టెంబరు మొదట్లోనే ఎవరో కానిస్టేబులు తలుపు తట్టేవాడు. ఆ రాత్రి ఎక్కడున్నావంటే ఫలానా చోటని చెప్పేవాడు. పేరు కొట్టేసి డిటెక్టివులు ఇంకో దారి చూసుకునేవాళ్ళు. ఒక్క పూట పని. అది పది రోజుల వేటైంది. ఆ మధ్యలోనే ఆనీ చాప్‌మన్ చనిపోయింది. ఆ పది రోజులూ మిగిలుంటే ఆమె బతికేదని నేననను, అలా అనడం కూడా స్టార్ చేసిన పనే అవుతుంది. పోయిన కాలం పోయిందని మాత్రం అంటాను.

రెండో సంగతి ఉత్తరాలు. సెప్టెంబరు 25 తేదీతో, ఎర్ర సిరాతో, 'డియర్ బాస్' అని మొదలయ్యే ఉత్తరం ఒకటి వచ్చింది. 'జాక్ ద రిప్పర్' అనే సంతకం మొదటిసారి కనిపించింది అందులోనే. ఆ ఉత్తరం వచ్చింది పోలీసులకి కాదు, ఏ పత్రికకీ కాదు. పత్రికలకి వార్తలమ్మే సెంట్రల్ న్యూస్ అనే ఏజెన్సీకి. రోడ్డు మీద మనిషికి పత్రిక పేరు గుర్తొస్తుంది కానీ ఏజెన్సీ అడ్రసు గుర్తొస్తుందా? వాళ్ళు దాన్ని 27న అందుకుని 29న పోలీసులకి పంపారు. తర్వాతి కాలంలో ముగ్గురు పెద్ద పోలీసు అధికారులు, ఆండర్సన్, మాక్నాటన్, లిటిల్‌చైల్డ్, అది ఒక జర్నలిస్టు పని అనే రాశారు. లిటిల్‌చైల్డ్ 1913లో రాసిన ఒక ఉత్తరంలోనైతే సెంట్రల్ న్యూస్‌లో పనిచేసే ఒకాయన పేరే చెప్పాడు. కోర్టులో రుజువైన విషయం కాదు కాబట్టి ఆ పేరు నేనిక్కడ రాయను. ఇంతసేపు పైజర్ గురించి బాధపడి ఇప్పుడు అదే పని చేస్తే బాగోదు.

ఇక్కడ పోలీసులూ తప్పు చేశారు. అక్టోబరు 3న ఆ ఉత్తరాన్ని పోస్టర్‌గా అచ్చేసి, ఈ చేతిరాత ఎవరిదో గుర్తుపట్టండి అంటూ అంటించారు. పత్రికలన్నీ ఎత్తి వేసుకున్నాయి. అంతే, దేశం నలుమూలల నుంచీ 'నేనే జాక్' అంటూ ఉత్తరాలు వరద కట్టాయి. వందల కొద్దీ. బ్రాడ్‌ఫర్డ్‌లో 21 ఏళ్ళ అమ్మాయి ఒకతె అలాంటివి రాసి పట్టుబడింది. సరదాకి రాశానంది. అక్టోబరు 19 నాటి రిపోర్టు ప్రకారం అప్పటికే పోలీసులు 80,000 కరపత్రాలు పంచి ఇల్లిల్లూ విచారించి ఉన్నారు. తమకి అందిన సమాచారాన్నిబట్టి 300 మందికి పైగా మనుషుల కదలికలు ఆరా తీశారు. 80 మందిని పట్టుకుని విడిచిపెట్టారు. దీని మీద ఈ ఉత్తరాలు! సాఫ్ట్‌వేర్ సపోర్టులో పనిచేసినవాళ్ళకి ఈ బాధ చెప్పక్కర్లేదు. అసలైన టికెట్టు ఒకటి, దాన్ని చూసి భయపడి వేసినవీ, సరదాకి వేసినవీ మూడొందలు. అన్నీ తెరిచి చూడాల్సిందే. అసలుది ఎక్కడుందో దేవుడికి తెలియాలి.

మూడోది సాక్షుల సంగతి. నా దృష్టిలో అన్నిటికంటే నష్టం చేసింది ఇదే. సెప్టెంబరు 30 రాత్రి గంట వ్యవధిలో ఇద్దరు హతమయ్యారు, ఎలిజబెత్ స్ట్రైడ్, కాథరిన్ ఎడ్డోస్. స్ట్రైడ్ చనిపోయిన బెర్నర్ స్ట్రీట్‌లో, ఆ పక్కనే, పళ్ళు అమ్ముకునే మాథ్యూ పాకర్ అనే పెద్దాయన ఉండేవాడు. పొద్దున్నే సార్జెంట్ వైట్ వెళ్ళి అడిగితే, నేనెవర్నీ చూడలేదు, ఏమీ వినలేదన్నాడు. సార్జెంటు నోట్‌బుక్కులో రాసుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరు ప్రైవేటు డిటెక్టివులు ఆయన్ని కలిశారు. నాలుగు రోజులకల్లా ఒక సాయంత్రం పత్రికలో పాకర్ కథ పెద్ద పెద్ద అక్షరాలతో వచ్చింది. హంతకుడితో మాట్లాడిన మనిషట! స్ట్రైడ్ పక్కనుండగా ఒకడు తన దగ్గర అర పౌను నల్ల ద్రాక్ష కొన్నాడట. విచారణలో డాక్టర్ ఫిలిప్స్, ఆమె ద్రాక్ష తొక్క గానీ గింజ గానీ మింగలేదని చెప్పాడు. పాకర్ చెప్పిన టైములు ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా. వాన పడుతుంటే దుకాణం మూసేశానన్నాడు, ఎన్నింటికో కుదరలేదు. 

చీఫ్ ఇన్‌స్పెక్టర్ స్వాన్సన్ తన రిపోర్టులో దీని గురించి రాశాడు. పత్రికల్లో ఒక మనిషి ఆనవాళ్ళు వచ్చాకే పాకర్ ఈ కథ చెప్పాడని, రకరకాలుగా చెప్పడం వల్ల ఇక ఆయన ఏం చెప్పినా సాక్ష్యంగా దాదాపు పనికిరాదని. నాకు పాకర్ అబద్ధాలకోరు అనిపించలేదు. పదిమంది వచ్చి అడుగుతుంటే, పేపర్లో పేరు పడుతుంటే, చూడని మనిషి మెల్లగా కళ్ళముందు కట్టడం మొదలవుతుంది. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఒకే కథని పండగ పండక్కీ కొంచెం పెంచి చెప్తుంటారు కదా, వాళ్ళేమీ కావాలని అబద్ధమాడరు. బాధేమిటంటే, ఆ రాత్రి ఆయన నిజంగానే ఏదైనా చూసి ఉంటే, అది కూడా ఈ కథలో కలిసిపోయింది. ఇక విడదియ్యడం కుదరదు.

చివరిది, అదే రాత్రి జరిగిన ఇంకో సంఘటన. ఎడ్డోస్ ఏప్రన్‌లోంచి కోసిన రక్తపు గుడ్డ ఒకటి గౌల్‌స్టన్ స్ట్రీట్‌లో ఒక గుమ్మం దగ్గర కానిస్టేబుల్ లాంగ్‌కి దొరికింది. పైన గోడ మీద సుద్దతో ఏదో రాసి ఉంది, అందులో యూదుల ప్రస్తావన. ఇక్కడ రెండు పోలీసు విభాగాలు. సిటీ పోలీసులు తెల్లవారేదాకా ఆగి ఫోటో తీద్దామన్నారు. మెట్రొపాలిటన్ కమిషనర్ సర్ చార్లెస్ వారెన్ స్వయంగా వచ్చి, తెల్లవారకముందే, దాదాపు ఐదున్నరకి, చెరిపించేశాడు. ఇన్నేళ్ళుగా ఆయన్ని తిట్టనివాళ్ళు లేరు. మా గైడు కూడా నవ్వించాడు. కానీ నవంబరులో ఆయన హోం ఆఫీసుకి రాసిన సంజాయిషీ చదవండి. తెల్లవారితే ఆదివారం సంత, వేలమంది జనం. అది చూస్తే యూదుల ఇళ్ళ మీద పడతారు, ప్రాణాలు పోవచ్చు. ఇదీ ఆయన భయం. ఆ రాతని హంతకుడు రాశాడో, ఎప్పుడో ఎవరో రాసి వదిలేసిందో తెలియదు. ఇప్పుడిక తెలియదు కూడా. రాసుకున్న ఇద్దరు పోలీసుల నోట్లలో 'కాదు' అనే మాట వాక్యంలో వేర్వేరు చోట్ల ఉంది.

వారెన్ చేసింది ఒప్పని నేననను, ఒక గుడ్డ కప్పి ఉంచొచ్చుగా అని అప్పుడే అక్కడున్న వాళ్ళన్నారు. కానీ ఆయన భయం కల్పన కాదు. మూడు వారాల ముందు లెదర్ ఏప్రన్ రోజుల్లో ఆ వీధుల్లో జనం ఎలా ఎగబడ్డారో ఆయన చూశాడు. సెప్టెంబరు మొదటి వారంలో అమ్ముకున్న కథకి బిల్లు సెప్టెంబరు ఆఖరున వచ్చింది. సాక్ష్యం రూపంలో కట్టాల్సివచ్చింది.

మరి పత్రికలు అసలు రాయకూడదా? అలా అంటే నాకే నచ్చదు. ఈరోజు ఆ కరోనర్ విచారణల్లో ఎవరేమన్నారో మనకి వివరంగా తెలుసంటే డైలీ టెలిగ్రాఫ్ లాంటి పత్రికల రిపోర్టర్లు ఓపిగ్గా కూర్చుని రాసుకోబట్టే. పోలీసు ఫైళ్ళు చాలా పోయాయి. ఆ పేటలో మనుషులు ఎలా బతుకుతున్నారో మిగతా లండన్‌కి తెలిసింది కూడా వాటివల్లే. బెర్నార్డ్ షా అయితే అదే స్టార్ పత్రికకి ఉత్తరం రాస్తూ, మేమంతా ఏళ్ళ తరబడి ఉపన్యాసాలిచ్చి సాధించలేనిది ఒక హంతకుడు సాధించాడని ఎత్తిపొడిచాడు. పైగా పోలీసులు విలేకరులకి నోరు విప్పేవాళ్ళు కాదు, విప్పకూడదని ఆర్డరు. ఖాళీ వదిలితే ఎవరో ఒకరు నింపుతారు. ఆ తప్పులో పోలీసులకీ భాగముంది.

నా గొడవల్లా ఒక్కదాని మీదే. ఆ సెప్టెంబరులో నిజం 'ఎవరో తెలియదు' అన్నదొక్కటే. హెల్సన్ ఆ మాట రాయగలిగాడు. పత్రిక రాయలేకపోయింది. తెలియనిదానికి ఒక పేరు పెట్టేసింది. ఒక పేరు పుట్టాక దానికి ముఖం, మతం, నవ్వు అన్నీ వాటంతటవే వస్తాయి. చివరికి ఆ పేరుకి సరిపడే మనిషి కోసం వెతుకుతారు.

ఇదంతా 1888 వాళ్ళని తిట్టడానికి రాయడం లేదు. నిరుడు చలికాలంలో మా ఏరియా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. డోర్‌బెల్ కెమెరాలో పడిన మనిషి. హుడీ వేసుకున్నాడు, తలుపు హ్యాండిల్ మీద చెయ్యి ఉంది. ఇక్కడ మనవాళ్ళ ఇళ్ళల్లో బంగారం ఉంటుందని దొంగలకి తెలుసు, ఆ భయం అందరికీ ఉన్నదే. నేను ఆ ఫోటోని ఇంకో రెండు గ్రూపులకి పంపాను. ఊరికే పంపలేదు, పైన 'గోల్డ్ గ్యాంగ్, జాగ్రత్త' అని రాసి మరీ పంపాను. ఆ మాట ఫోటో పంపినవాళ్ళు అన్నది కాదు. నేనే కలిపాను. సాయంత్రానికి నలభై లైకులు. "థాంక్స్ అన్నా, మంచి పని చేశారు" అని మెసేజ్‌లు.

మూడు రోజులకి తేలింది, అతను పార్సిళ్ళు ఇచ్చే మనిషి. నంబరు పొరబడి పక్కింటి తలుపు దగ్గర నిలబడ్డాడు. గ్రూపులో నేను 'అతను డెలివరీ అతనేనట, నాదే పొరపాటు' అని రాశాను. దానికి రెండు లైకులు. ఒకటి మా ఆవిడది. ఆ తర్వాత మా వీధికి పార్సిళ్ళు ఇంకెవరో తెస్తున్నారు. అతను మానేశాడో, మార్చారో, ఎవరైనా ఏమైనా అన్నారో నాకు తెలియదు. క్షమించమని అడుగుదామన్నా పేరు కూడా తెలియదు. నేను పెట్టిన పేరొక్కటే తెలుసు.

పోయిన వారం లంచ్ టైములో మల్బరీ స్ట్రీట్ దాకా నడిచి వెళ్ళాను. ఆఫీసు నుంచి పెద్ద దూరం కాదు. మా గైడు మమ్మల్ని అటు తీసుకెళ్ళలేదు, అక్కడ ఎవరూ చనిపోలేదు కదా. చూడ్డానికి ఏమీ లేదు కూడా, మామూలు చిన్న సందు. నాలుగు రోజులు ఒక మనిషి ఆ సందులో ఏదో ఇంట్లో తలుపులేసుకుని, బయట ఏ అడుగుల చప్పుడు వినిపించినా ఉలిక్కిపడుతూ కూర్చుని ఉంటాడు. కాసేపు నిలబడి తిరిగొచ్చేశాను. రెండింటికి మీటింగ్ ఉంది.